సున్నపు గోడ

పక్కింటి నెరెయిదా తోటంటే ఒడాలిస్‌కి కడుపుమంట. ఇద్దరి తోటలకీ అదే మయామీ ఎండ, అదే మట్టి. తన బొప్పాయి చెట్ల ఆకులన్నీ అరచేతంత ఆఫ్రికా నత్తలు నమిలేశాయి. నెరెయిదా చెట్లు మాత్రం గోడ మీంచి పచ్చగా వెక్కిరిస్తాయి.

అలాంటి నత్త కనిపిస్తే వ్యవసాయశాఖకి ఫోన్ చెయ్యాలని అక్కడి రూలు. ఒడాలిస్ చెయ్యలేదు. చీకటి పడగానే వాటిని ఏరి, గోడ మీంచి దాని తోటలోకి విసిరేది. అవతల టప్పుమని చప్పుడు వింటే గానీ ముద్ద దిగేది కాదు.

అయినా ఆ తోటలో ఒక్క ఆకుకీ చిల్లు పడలేదు. పైగా నెరెయిదా రోజూ పొద్దున్నే వచ్చి గుడ్డు పెంకులు అడిగి పట్టుకుపోయేది.

"మొక్కలకేనా?"

"మరి నాకా?" అని నవ్వేది.

ఇవాళ విసిరిన నత్త చప్పుడు చెయ్యలేదు. ఇంకోటి విసిరింది. అదీ అంతే.

ఒడాలిస్ గోడకి చెవి ఆనించింది. అవతల ఏదో తీరిగ్గా గీకుతోంది. పెంకు గట్టిపడడానికి నత్తలు గోడ సున్నం తింటాయని ఆమెకి తెలుసు. కానీ ఈ చప్పుడులో గుటకలు కూడా వినిపిస్తున్నాయి.

గీకుడు ఆగింది.

"ఆపేశావేమే ఒడాలిస్?" నెరెయిదా గొంతు, నోరు నిండా ఏదో ఉన్నట్టు. "విసరవే. ఇవాళ పెంకులు కూడా ఇవ్వలేదు నువ్వు."

అంత భయంలోనూ ఒడాలిస్ కడుపు భగ్గుమంది. ఈ గోడలో సగం తనది.

మెల్లగా ముఖం తిప్పి, తనవైపు సున్నానికి నాలుక ఆనించింది.