మైకుగారి గొంతు

పలక గిరగిరా తిరుగుతూ వచ్చి ఆమె కాళ్ళ దగ్గర పడింది. దాని మీద సుద్దతో పలక పట్టనంత పెద్ద అక్షరాలు: "నీ గుడ్డే."

అంటే ఆమె దుమ్ము తుడిచే గుడ్డ. తుడుస్తూ తుడుస్తూ ఏదో మీట నొక్కేసిందనీ, అందుకే కంప్యూటరు చచ్చిందనీ మంచం మీద ఉన్న మొగుడి తీర్పు. పొద్దుటినుంచీ అదే మాట రాయడం, చెరపడం, మళ్ళీ రాసి విసరడం.

కంప్యూటరు ఒక్కటే అయితే పోతే పోయిందనుకునేది. దానితోపాటు ఆయన గొంతు పోయింది. ఆయన మాట్లాడితే వీధి చివర వాళ్ళకు కూడా వినబడేది కనుక అందరూ మైకుగారనేవారు. గొంతులో గడ్డ లేచి, స్వరపేటికతో సహా కోసి తీసేయాల్సిందే అని డాక్టర్లు తేల్చినప్పుడు, ఆపరేషనుకు ముందే కూర్చుని తన మాటలన్నీ కంప్యూటరుకు అప్పజెప్పారు. అప్పటినుంచి ఆయన టైపు చేస్తే చాలు, అది అచ్చం ఆయన గొంతుతోనే పలికేది. కసరడం కూడా అలాగే కసిరేది. "పాము పోయినా బుస మిగిలిందమ్మా నీకు" అని పక్కింటావిడ నవ్వింది.

ఇప్పుడు ఆ బుస కూడా లేదు. ఇల్లు మూగనోము పట్టినట్టుంది. 'నా పాపిష్టి చేతులు' అని లోపల్లోపల కుమిలిపోతూ ఆమె మెకానిక్కును పిలిపించింది.

మెకానిక్ కిటికీ పక్కన బల్ల మీద కంప్యూటరు విప్పి, తన దగ్గరున్న తీగలు తగిలించి చూశాడు. చూస్తున్నకొద్దీ కనుబొమలు పైకి పోయాయి.

"అమ్మా, కంపెనీవాళ్ళు డిస్కులో ఓ మూల చిన్న గది కట్టి ఇస్తారు. రికవరీ పార్టిషన్ అంటారు. విత్తనాల గాదె లాంటిదనుకోండి. పంటంతా పోయినా అందులోంచి తీసి మళ్ళీ మొలిపించుకోవచ్చు. మీ దాంట్లో ఆ గది లేదు. ఎవరో తీసేశారు."

మైకుగారు పలక అందుకుని గుడ్డ సంగతి మళ్ళీ రాసి, మెకానిక్ ముక్కు దగ్గర పెట్టారు.

"గుడ్డకు అంత తెలివెక్కడిది సార్? పనిగట్టుకుని లోపలికెళ్ళి, కమాండ్ కొట్టి, నిజంగానే తీసేయమంటావా అని అడిగితే అవునని నొక్కాలి. తీసేసిన చోటు పక్కదాంట్లో కలిపేశారు. ఆ గోడ పగలగొట్టడంలోనే గొంతు ఫైళ్ళు కూడా చితికిపోయాయి." మెకానిక్ తెర కాస్త ఇటు తిప్పాడు. "ఇదిగో, కలిపిన చోట నిండా కుస్తీ పోటీల వీడియోలు."

ఆ ఇంట్లో కుస్తీలు ఎవరు చూస్తారో మొగుడూ పెళ్ళాలిద్దరికీ తెలుసు. మైకుగారు గోడవైపు తిరిగి పడుకున్నారు.

ఆమెకు కోపం రాలేదు సరికదా, గుండెల మీంచి బండ దించినట్టయింది.

"ఎవరు చేస్తేనేంలే బాబూ. గొంతు వస్తుందా?"

"కంప్యూటరు మొత్తాన్నీ ఉన్నదున్నట్టు అచ్చు తీసి దాచుకుంటారు, బ్యాకప్ ఇమేజ్ అని. అదుంటే వస్తుంది. లేదంటే బ్రహ్మ దిగొచ్చినా రాదు."

ఆమెకు చటుక్కున గుర్తొచ్చింది. మొదట్లో గొంతు ఎక్కించి దాన్ని బిగించినతను అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్ద డిస్కు ఒకటి ఇచ్చి వెళ్ళాడు. చెత్త పోగేయకు అని మైకుగారు బుట్టలో పడేస్తే, ఆయన చూడకుండా తీసి దాచింది. ఎక్కడ దాచిందో మాత్రం గుర్తులేదు. దుప్పట్ల పెట్టె దులిపింది. అటక మీద డబ్బాలన్నీ దించింది. మోకాళ్ళు మొరాయిస్తున్నా మంచాల కిందికి దూరి వెతికింది. చివరికి కుట్టుమిషను సొరుగులో దారపుండల కింద దొరికితే, కళ్ళకద్దుకుని తెచ్చి ఇచ్చింది.

మెకానిక్ మధ్యాహ్నమంతా కూర్చుని దాన్ని ఎక్కించాడు.

"గొంతు తిరిగొచ్చిందమ్మా. ఆ మూల గది కూడా మళ్ళీ కట్టాను. ఇక సార్ గొంతు కంప్యూటరులో ఒకటి, ఈ డిస్కులో ఒకటి. రెండూ పోయాయంటే మాత్రం పోయినట్టే. భద్రం."

ఆమె మొగుడి వీపు వెనక దిండు సర్ది, కంప్యూటరు ఒళ్ళో పెట్టి ఎదురుగా కూర్చుంది. మొదటి మాట ఏమంటారో. బాగా వెతికావు అంటారేమో. ఆ మాత్రం కాకపోయినా, పేరు పెట్టి పిలిచినా చాలనుకుంది. కొత్త పెళ్ళికూతురికి కూడా అంత ఆశ ఉండదు.

మైకుగారు తీరిగ్గా టైపు చేశారు. గది అదిరేలా గొంతు లేచింది.

"చూశావా ఎంత పని చేశావో! ఇంకోసారి నీ గుడ్డ దీని మీద పడిందంటే చేతులు విరగ్గొడతాను."

మెకానిక్ తల వంచుకుని తన స్క్రూలు ఏరుకున్నాడు. ఆమె కింద పడిన సుద్దపొడి గుడ్డతో తుడిచి, అతన్ని సాగనంపడానికి గేటు దాకా వెళ్ళింది.

"ఈ డిస్కు నువ్వే పట్టుకెళ్ళు బాబూ."

"నా దగ్గర దాచమంటారా అమ్మా?"

"దాచడమెందుకు? చెరిపేసి నీకిష్టమైన పాటలేవో ఎక్కించుకో."

అతను బిత్తరపోయాడు. "అదేంటమ్మా? కంప్యూటరుకు మళ్ళీ ఏదైనా అయితే?"

లోపలినుంచి కాఫీ ఏదని మైకుగారి గొంతు కేకేస్తోంది. ఆమె గుడ్డ దులిపి భుజాన వేసుకుంది.

"అవుతుంది బాబూ. ఎలాగూ నేనే చేశానంటారు. ఆ మూల గది గోడ ఎలా పగలగొట్టాలో కాస్త నాకూ చెప్పిపో."