తడిపి ఉంచిన మట్టి

మంచం కింద ఉన్న గోనెసంచి మీద రెజీనా రోజూ పొద్దున్నే చెంబెడు నీళ్లు చల్లుతుంది.

చల్లకపోతే లోపలి మట్టి నెర్రెలిస్తుంది. మొదట్లో ఒకసారి అట్లాగే నెర్రెలిచ్చింది. అది చూసి హడలిపోయి, సంచిని ఒళ్లోకి లాక్కుని ఏడ్చింది.

ఆ సంచిలో ఉన్నది సమాధానం. ఆమె మొగుడు.

అంటే, మనిషి దొరకలేదు. నీలగిరి కొండల్లో ఎవరిదో రిసార్టు కోసం అడవి చరియను పొక్లెయిన్‌తో తవ్వుతుంటే, వానకి చరియ చరియంతా అతని మీదికి వచ్చేసింది. వెతికినవాళ్లు వెతికి, ఇక మావల్ల కాదన్నారు. అక్కడి మేస్త్రీ ఆమెను వట్టి చేతులతో పంపలేక, అతను పోయిన చోటి మట్టిని ఒక సంచికి ఎత్తించాడు.

"పైన జానెడు నల్ల ఆకుమట్టి, కింద అంతా బంకమట్టమ్మా," అన్నాడు వచ్చీరాని తెలుగులో. "వాన నీళ్లు బంకలోకి దిగవు. దాని మీదే నిలబడి, పైదాన్నంతా జార్చేస్తాయి."

ఆ పసుప్పచ్చటి బంకను సమాధానం ఎంత మెచ్చుకునేవాడో! ఫోన్ చేస్తే అక్కడి చలి గురించి రెండు ముక్కలు, మిగతాదంతా మట్టి గురించే.

"మన ఇసక మాదిరి కాదే. గుంత తీస్తే గోడ కట్టినట్టు నిలబడతాది. చేతికంటితే సబ్బేసి రుద్దినా పోదు. మన రొయ్యల గుంటకి ఇట్టాంటి మట్టి ఉంటేనా, చుక్క నీళ్లు బయటికి పోవు."

ఆ మాటన్న రోజు ఫోన్ స్పీకర్‌లో ఉంది. పక్కనే అన్నం తింటున్న జడ్సన్ కూడా విన్నాడు. సమాధానానికి అన్న. గుంట చూసుకునేది అతనే.

శవం లేకుండా భూస్థాపన ఏంటని సంఘ పెద్దలు మొదట ఒప్పుకోలేదు. రెజీనా వాళ్ల గడపలన్నీ ఎక్కి దిగింది. బతిమాలింది, ఏడ్చింది, చివరికి పోట్లాడింది. పాస్టరు గారికే మనసు కరిగి, ఆ మట్టినే పెట్టెలో పెట్టి పూడ్చుకోమన్నారు. ఆదివారం, ఆరాధన అయ్యాక.

శనివారం ఆమె తోటపల్లి గూడూరు పోయి, అతని పేరు రాయించిన సిలువ తెచ్చుకుంది.

వచ్చేసరికి గోనెసంచి దండెం మీద ఆరుతోంది. ఎవరో శుభ్రంగా ఉతికారు.

మంచం కింద తడి మరక మాత్రం ఉంది.

సిలువను చంకలో పెట్టుకునే గుంట దగ్గరికి పరిగెత్తింది.

జడ్సన్ మోకాలి లోతు నీళ్లలో నిలబడి కట్టను అరచేత్తో మెత్తుతున్నాడు. మంచి హుషారుగా ఉన్నాడు.

"ఎండ్రకాయలు కట్టనంతా బొక్కలు చేసినాయి అమ్మాయ్. పొద్దున్నించి నీళ్లు పోతానే ఉండాయి. ఇప్పుడు చూడు, చుక్క పోతే ఒట్టు."

"బావా, అది..."

"తెలుసులే. మన గుంటకి ఇట్టాంటి మట్టి ఉంటే బాగుండునని వాడే గదా చెప్పినాడు." చేతులు నీళ్లలో జాడించుకున్నాడు. "నువ్వు రోజూ తడిపి పెట్టబట్టి ఇట్టే అతుక్కునింది. ఎండిపోయుంటే దేనికీ పనికొచ్చేది కాదు."

పొగిడాడు. నిజంగానే పొగిడాడు, ఆ మహానుభావుడు.

"రేపు పెట్టెలో ఏం పెట్టాల?" అంది రెజీనా.

"ఇసక పోద్దాం. మూత తీసి ఎవురు చూస్తారు?"

ఆమె సిలువను కింద పడేసి, కట్ట మీద మోకాళ్లూని గోళ్లతో తవ్వింది. బంక ఒక పట్టాన రాలేదు. ఎట్లాగో పిడికెడు ఊడొచ్చింది.

దాంతోపాటే నీళ్లు చిమ్మాయి. రెండు రొయ్యలు ఇసకలో పడి ఎగిరాయి.

కేకలు విని అత్త ఎలిశబెతు పరిగెత్తుకొచ్చింది. సమాధానాన్ని కన్నతల్లి, ఈమెకైనా అర్థమవుతుందని రెజీనా పిడికిలి విప్పి చూపించింది.

అత్త చూసింది. చాలాసేపే చూసింది.

"ఎట్టుండిందో అట్టా పెట్టేయ్," అంది. "పోయినోడు ఎట్టాగూ రాడు. ఉండేవాళ్ల నోటికాడ కూడు పోగొట్టబాక."

బొక్క పెద్దదవుతోంది. జడ్సన్ ఒక్క అడుగు కూడా ముందుకు వేయలేదు.

"నువ్వు తీసినావు. నువ్వే పెట్టు," అన్నాడు.

రెజీనా పెట్టింది. పిడికెడు మట్టినీ బొక్కలో కుక్కి, నీళ్లు ఆగేదాకా రెండు చేతులతో అదిమింది. గట్టిగా, ఊపిరాడనంత గట్టిగా అదిమింది.

చుక్క పోలేదు.

ఆదివారం పెట్టె గుంతలోకి దిగింది. అత్త దాని మీద పడి ఏడుస్తుంటే పట్టి లాగడానికి ముగ్గురు కావాల్సొచ్చింది. దొంగ ఏడుపేం కాదు. అందుకే రెజీనాకి ఒళ్లు మండింది.

అందరూ తలా పిడికెడు ఇసక వేశారు. వేళ్ల సందుల్లోంచి చక్కగా రాలిపోయింది. ఎవరి చేతికీ రవ్వంత అంటలేదు.

తర్వాత భోజనాలు పెట్టారు. రెజీనా విస్తరి ముందు కూర్చుని, చెంచా కావాలంది.

"దొరసాని వేషాలు!" అంది అత్త, పంక్తి పంక్తంతా వినేట్టు. "పోయి శుభ్రంగా చెయ్యి కడుక్కోని తిను."

రెజీనా లేవలేదు. గోళ్ల కిందున్న పసుప్పచ్చటి బంక ఎవరికీ కనపడకుండా రెండు పిడికిళ్లూ కొంగులో దాచుకుని, చెంచా కోసం చూస్తూ కూర్చుంది.