గంజి పట్టిన గోడ

"ఆ గోడకు ఆనకు సారూ, అంగికి బూజు అంటుతది," అన్నది రత్నమాల, నీళ్ల చెంబు అందిస్తూ.

సిరిసిల్ల మగ్గాల వాడంత తిరిగి దూపతోని అచ్చిన కానిస్టేబుల్ శంకరయ్య, ఎనుకకు జరిగి గోడ దిక్కు సూసిండు. మగ్గం గుంటల కూసున్న ఆమె పెనిమిటి గోవర్ధన్ చెయ్యి ఆగింది.

"మూడుసార్లు సున్నమేసినం. మైలుతుత్తం గూడ కలిపినం. వాన కొట్టేది అవతలి గోడకు, బూజు పట్టేది దీనికి. ఏం జెయ్యాల్నో సమజైతలేదు సారూ."

శంకరయ్య బూజును గోటితోని గీకి వాసన సూసిండు.

"గిది వానది కాదు చెల్లె, గంజిది. మాది గూడ మగ్గాల ఇల్లే."

"నూలుకు గంజి వెట్టి ఆడ ఆరేసిన," అన్నడు గోవర్ధన్, తల ఎత్తకుండనే.

"నూలు ఆనితే గీతలు పడుతయి గోవర్ధన్. గిక్కడ సుట్టూ బూజు, నడుమ పలక తీర్గ తెల్లగోడ. గోడకు కాయితం ఆనిచ్చి, దాని మీద కుంచెతోని గంజి రాస్తెనే గిట్లయితది."

రత్నమాల అప్పుడు సూసింది. ఒకటి గాదు, వరుసగ ఆరు తెల్ల పలకలు. మొన్న బడి గోడకు అంటిచ్చిన నక్సలైట్ అన్నల పోస్టరు గూడ గంత సైజే ఉండె. నెల సంది గంజి కుండ ఎందుకు జల్ది ఒడుస్తున్నదో ఆమెకు ఎరుకైంది.

గబగబ కొంగు తడిపి గోడ దిక్కు ఉరికింది.

శంకరయ్య చెంబు కింద వెట్టి, దర్వాజకు అడ్డంగ కూసున్నడు. ఆమె మొకం దిక్కు సూడలేదు.

"తుడువకు చెల్లె. ఠాణ జీపు అచ్చేదాక గట్లనే ఉండనియ్యి."