పక్కింటివారు కడుక్కున్నారు

మహమ్మారి రోజుల్లో జనానికి మంచి అలవాట్లు నేర్పాలని ప్రభుత్వం ఇంటింటికీ మాట్లాడే కుళాయి బిగించింది. లోపల మొగుడు జ్వరంతో మూలుగుతుంటే, అతని ఎంగిలి గిన్నెలు తెచ్చిన అప్పలనర్సమ్మ కుళాయి తిప్పింది. చుక్క నీరు రాలేదు గానీ నీతి మాత్రం ధారగా వచ్చింది.

“మీ పక్కింటివారు ఇప్పటికే చేతులు కడుక్కున్నారు. మరి మీరు?”

ఆమె ఒళ్ళు మండి, గోడ మీదుగా కేకేసింది.

“ఏటే పైడమ్మా, మీకు నీళ్ళొచ్చీసినాయేటే?”

“ఎక్కడివే? నువ్వు సేతులు కడిగీసుకున్నావని మా కుళాయి పొద్దుట్నుంచి నా పేనం తోడేత్తంది!”

అప్పలనర్సమ్మ మేకుకు తగిలించిన మాస్కు లాగి కుళాయి మూతికి బిగించి కట్టింది.

“శభాష్! మాస్కు కట్టుకున్నారు,” అంది కుళాయి.

గోడ అవతలి కుళాయి వెంటనే అందుకుంది.

“పైడమ్మగారూ, మీ పక్కింటివారు మాస్కు కట్టుకున్నారు. మరి మీరు?”