ఫలకంలో ఖాళీ సగం

లేజర్ యంత్రం తనకిచ్చిన ఫైలులో ఉన్నదే చెక్కుతుందని, అంతకు మించి ఒక్క చుక్క కూడా పెట్టదని నాగర్‌కోయిల్‌లో సమాధి ఫలకాలు చేసేవాళ్లందరి నమ్మకం. జెబరాజ్ నమ్మకమూ అదే.

ఆ రాత్రి అతడు నల్లరాతి మీద తంగపుష్పం పేరు చెక్కిస్తున్నాడు. ఉదయం ప్రార్థన వేళకు ఫలకం సమాధి మీద ఉండాలి. మరో రాయి లేదు. ఆనవాయితీ ప్రకారం కుడి సగం భర్త కోసం ఖాళీగా వదిలారు. అయితే యంత్రపు తల ప్రతి వరుసలోనూ, కిరణం వెలగకుండానే, ఆ ఖాళీ సగం చివరిదాకా మూలుగుతూ పోయి వస్తోంది. పని సాగడం లేదు.

“నా చోటు కొలుస్తోందా తంబీ? నాకింకా తొందర లేదని చెప్పు దానికి,” అన్నాడు పక్కనే కూర్చున్న భర్త దేవసహాయం.

“ఫైల్లో ఎక్కడో చుక్క మిగిలుంటుంది తాతా. చెరిపేస్తే దారికొస్తుంది.”

చుక్క కనబడింది. చెరిపాడు. తల మళ్లీ అక్కడికే పోయింది. రాయి పాడవకుండా ఖాళీ సగంపై తెల్లకాగితం అంటించి ఇంకోసారి నడిపాడు. కాగితం కాలిన వాసన వచ్చింది.

యంత్రం ఆపి, వంగి చదివాడు.

“తాతా, మీరు ఏ సంవత్సరంలో పుట్టారు?”

“కార్డులో యాభై రెండని ఉంటుంది. బడిలో వేయించిన దొంగ లెక్క. అసలు నలభై తొమ్మిది. మా తంగానికి తప్ప ఎవరికీ తెలీదులే.”

కాగితం మీద దేవసహాయం పేరు, దాని కింద 1949 ఉన్నాయి. ఆ అంకె పక్కన చిన్న అడ్డగీత, దాని తరువాత ఆ రోజు తేదీ ఉన్నాయి.