దొర హద్దురాయి

మలేషియాలోని పెనాంగ్ కొండల్లో ఒకప్పుడు జాజికాయ తోట వేసిన తెల్లదొర పేరు చెక్కిన హద్దురాయి కోసం సుమిత బృందం పొద్దుటి నుంచీ వెతుకుతోంది. దొరికితే దాన్ని మ్యూజియంలో పెడతారు. లోయలోకి దిగే దారికి దొర పేరే పెడతారు.

వెతికి వెతికి సుమిత ఏటి ఒడ్డున ఉన్న రేకుల గుడికి దిగింది. అక్కడ ఆమె అమ్మమ్మ నీలమ్మ అమ్మోరికి నీళ్లు పోస్తోంది.

"అమ్మమ్మా, ఆ రాయి నువ్వెప్పుడైనా సూసినావా?"

"సూడకేటి? దాన్ని దాటితే కూలోళ్లని కొట్టీవోరు. దొర ఎల్లిపోగానే మా అమ్మ దాన్ని పెరికీసినాది."

"ఏట్లో పారేసినాదా?"

"పారీడమెందుకు? మనల్ని కాయమని నిలబెట్టినాది."

ఇన్నేళ్లూ ఎదురుగా నిలబడి మొక్కిన సుమిత, మొదటిసారి అమ్మోరి వెనక్కి వెళ్లి చూసింది. కరిగి జారుతున్న పసుపు కింద ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే బయటపడుతున్నాయి.

"రాయి దొరికిందా?" పైనుంచి బృందంలో ఎవరో కేకేశారు.

సుమిత అమ్మమ్మ పక్కనున్న గిన్నెలోంచి గుప్పెడు పసుపు ముద్ద తీసి, దొర పేరు మీద దట్టంగా మెత్తింది.

"లేదు!" అని గట్టిగా అరిచింది. "ఇక్కడ మా అమ్మోరుంది."