అరవై రెండు గ్రాములు

అక్షరాలు ముసలితనంలో దిద్దుకున్నదాన్ని. చెయ్యి నిదానం, ఒత్తులూ దీర్ఘాలూ అటూఇటూ అవుతుంటాయి. తప్పులు మీరే సరిచేసుకుని చదువుకోండి.

"అరవై రెండు గ్రాములు ఎక్కువుందమ్మా. కుదరదు," అన్నాడు తుపాకీ కాల్చే పోటీ దగ్గర కాటా ముందు కూర్చున్న తనిఖీ అధికారి, పిస్తోలుని బల్లమీద వెనక్కి జరుపుతూ.

పోటీకొచ్చిన మరదలు తల తిప్పి, తోడొచ్చిన బావ వంక చూసింది. ఆ చూపుని కాటామీద పెడితే ముల్లు విరిగేది.

"అదెలా సార్? పదమూడొందల తొంభై ఎనిమిది గ్రాములుంది. నిన్న మూడుసార్లు తూచాను," అన్నాడు బావ. లేతు మిషను మీద పనిచేస్తాడు. వెంట్రుకని నిలువునా చీల్చి, రెండు చీలికలూ సమానంగా వచ్చాయా లేదా అని చూసే రకం.

"మ్యాగజైన్ పెట్టి తూచారా?"

"తూటాలు లేకుండా తూచాలి కదండీ, అందుకని తీసేసి..."

"తూటాలుండకూడదు. అవి పెట్టే ఖాళీ మ్యాగజైన్ ఉండాలి. అన్నీ కలిపి పద్నాలుగొందలు దాటకూడదు."

"రూల్సు చదివానన్నావు కదా బావా?" అంది మరదలు.

"చదివాను. సగం దాకా."

"ఇరవై నిమిషాలిస్తాను. తగ్గించి తెచ్చారా సరే, లేదా పేరు కొట్టేస్తాను," అని అధికారి తరవాతి మనిషిని పిలిచాడు.

ఆ పిస్తోలు ఒళ్ళు ప్లాస్టిక్కుది. బొత్తిగా తేలిక. మొదటి తూటా గురి మధ్యలో పడేది, ఆ అదురుకి మూతి పైకి లేచి రెండోది చుట్టాలింటికి పోయేది. అందుకే బావ విడిగా అమ్మే సామాను తెప్పించి దాన్ని బరువెక్కించాడు. పిడి వీపుకి ఇత్తడి పలక, లోపల ఉక్కు కడ్డీ, పిడి అడుగున మ్యాగజైన్ దూర్చేచోట ఇత్తడి గరాటు. అప్పట్నించీ రెండో తూటా కూడా బుద్ధిగా మొదటిదాని పక్కనే పడుతోంది. ఇవాళ మొదటి ముగ్గురిలో నిలబడితే జట్టులో చోటు. బస్సు నడిపే మరదలికి వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది. ఇక ఇదే ఆఖరు.

ఇద్దరూ అధికారి చూపించిన మూల బల్ల దగ్గరికి పరిగెత్తారు. బావ జేబులోంచి కీలు తీసి మరలు విప్పడం మొదలుపెట్టాడు.

"గరాటు ఊడదీస్తే నూటపది పోతుంది."

"ఊడదీస్తే మళ్ళీ మూతి ఎగురుతుంది. నాలుగునెలల నా సాధనంతా బూడిదలో పోసిన పన్నీరే."

"బరువెంత అని కాదు మరదలుపిల్లా, ఎక్కడుందన్నది లెక్క. తోక మీద నూటపది కంటే ముక్కు కింద నలభై ఆరు మేలు." ఇంకో జేబులోంచి చిన్న ఇత్తడి దిమ్మ తీశాడు. గొట్టం కింద టార్చిలైటు తగిలించుకునే గాడిలో దాన్ని దూర్చి, నాలిక బయటపెట్టి మరీ బిగించాడు.

"మా అక్క మొహం ఎప్పుడైనా ఇంత శ్రద్ధగా చూశావా?"

"మీ అక్కకి మరలుంటే చూసేవాణ్ణి."

"ఉన్నాయి. సాయంత్రం ఇంటికెళ్ళాక నీకు బిగిస్తుందిలే."

అధికారిని అడిగి ఆమె పిస్తోలు తీసుకుంది. ఎదురుగా ఉన్న ఇసకగోడకి గురిపెట్టి చూసింది. ఆమె మొహం విప్పారింది.

"బావా! గోడలో మేకు దిగేసినట్టుంది. కదలదేం!"

"చేసిందెవరనుకున్నావ్?"

"పొగరు తరవాత చూపిద్దువుగాని, పద."

కాటా మీద పదమూడొందల తొంభై ఎనిమిది చూపించింది. ఖాళీ మ్యాగజైన్‌తో సహా. అధికారి రెండోసారి కూడా తూచి, ముద్ర వేసి, "సంచిలో పెట్టుకుని నేరుగా గీత దగ్గరికి పోవాలి. దారిలో బయటికి తియ్యకూడదు," అన్నాడు.

బావ తాడు ఇవతల, చూసేవాళ్ళలో నిలబడ్డాడు. ఛాతీ ఉబ్బి చొక్కా బొత్తాలు తెగేలా ఉన్నాయి.

"ఆ ముక్కు కింద దిమ్మ చూశారూ? నా చేతిపనే," అన్నాడు పక్కాయనతో.

"బంగారమా?"

"ఇత్తడండీ. కానీ ఇవాళ బంగారం పెట్టు."

గీత దగ్గర నిలబడ్డ ఇంకో అధికారి మరదలి పేరు చదివాడు. ఆమె సంచి విప్పి పిస్తోలు తీసింది. బావ గుండెల మీంచి పెద్ద బరువు దిగింది.

"తుపాకీని నడుముకున్న ఒరలో పెట్టుకోండమ్మా," అన్నాడు ఆ అధికారి. "బజరు మోగాక అందులోంచి లాగి కాల్చాలి."

ఆమె పిస్తోలుని నడుము దగ్గరికి దించింది. ముక్కు కింది దిమ్మ ఒర అంచుకి తగిలి సగంలో టక్కున ఆగింది. పైకి తీసి మళ్ళీ దించింది. మళ్ళీ టక్కు.

బావ చెయ్యి జేబులో కీల కోసం తడుముకుంది. తాడు దాటబోయాడు. కాపలా మనిషి అడ్డం నిలిచి, "పేరు పిలిచాక ఏదీ విప్పకూడదు, బిగించకూడదు సార్," అన్నాడు.

"అర నిమిషం ఉందమ్మా. ఒరలో పెట్టలేకపోతే పేరు కొట్టేస్తాం," అన్నాడు గీత దగ్గర అధికారి.

మరదలు మెడ మాత్రం తిప్పి బావని చూసింది. ఏడవాలో నవ్వాలో తెలియని గొంతుతో అంది: "ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు బావా. నీ పుణ్యమా అని నాకు ఒక్కటి కూడా ఇమడట్లేదు!"

— బొత్తాల మామ్మ, అరవై తొమ్మిదేళ్ళు. ఇప్పుడు చిన్నకూతురింట్లో, మేడమీది గదిలో ఉంటున్నాను.